దోర్చోని తిప్పిందెవరు

వెల్కో ఇంటి వెనక గుర్రపుసాల. క్షమాపణల ఆదివారం, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇంటికెళ్ళి క్షమించమని అడిగే రోజు, మధ్యాహ్నం. చేతికర్ర మీద ఆనుకుని వెల్కో. పళ్ళెం పట్టుకుని అతని కవల సోదరుడు రాల్చో భార్య కెరానా.

"మళ్ళీ అడుగుతున్నా కెరానా. నేను లేనప్పుడు నా గుర్రాన్ని ఎవరు తిప్పారు?"

"ముందు ఈ బానిత్సా తిను మరిదీ. చల్లారితే లోపల చీజ్ గట్టిపడిపోతుంది."

"మరిదీ అనకు."

"తొమ్మిదేళ్ళుగా అంటున్నా. ఇవాళే కొత్తగా గుచ్చుకుందా?"

"తొమ్మిదేళ్ళుగానూ గుచ్చుకుంటూనే ఉంది. నీ మొగుడికి నేను అన్నని. నీకు బావగార్ని. నువ్వు నాకు మరదలివి. ఇంత చిన్న సంగతి నీ బుర్రకెక్కదు."

"ఆయనేమో నీకు తనే అన్నంటాడు. ఆయన లెక్కలో నేను నీకు వదినని. నేనుండేది ఆయన ఇంట్లో, అందుకని ఆయన లెక్కే నా లెక్క. తిను."

"తింటాలే. మాట మార్చకు. నిన్న సాయంత్రం బస్సు దిగానా, కొట్టు దెల్కా నన్ను చూసి ఏమందో తెలుసా? 'ఏం వెల్కో, పొద్దున కొండ మీద గుర్రంతో కనపడ్డావ్, అప్పుడే పట్నం వెళ్ళొచ్చావా?' అంది. సంచీతో దిగినవాణ్ణి సంచీతో అలాగే నిలబడిపోయా."

"దెల్కాకి కళ్ళద్దాలు మార్చాలి. మొన్న నాకు పంచదారడిగితే ఉప్పిచ్చింది."

"ఫాదరుకీ మార్చాలా? ఇందాక చర్చి మెట్ల దగ్గర నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'తుంటి ఆపరేషనై నెల తిరక్కుండా మంచులో కొండెక్కావు, నీ మీద దేవుడి దయ ఉంది నాయనా' అన్నాడు. నెల తిరిగేసరికి నేనెక్కడున్నాను? వేడినీళ్ళ తొట్టిలో ఉన్నాను. అటొక ముసలాడు, ఇటొక ముసలాడు, ఎదురుగా కాళ్ళు లేపమని అరిచే నర్సు."

"కాళ్ళు లేపావా మరి?"

"లేపాను. నువ్వు అడ్డం రాకు. ఈ ఊళ్ళో నా ముఖం ఇంకొకడికే ఉంది. అదే ముక్కు, అదే మీసం. నన్ను అంబులెన్స్ ఎక్కించారో లేదో, వాడు నా సాల తాళం తీశాడు."

"తాళం నా దగ్గరుంది."

"నీ దగ్గరుంటే వాడి దగ్గరున్నట్టే."

"ఆయనకా? తన చొక్కాలు ఏ అలమరలో ఉంటాయో ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆయనకి తెలీదు. నీ సాల తాళం వెతుకుతాడా?"

"అయితే ఇది చూడు. ఇలా రా. దోర్చో పిర్ర మీద వేలుతో పొడువు."

"నేను పొడవను. తంతాడు."

"నేను పొడుస్తా, చూడు. వేలు తిరిగొస్తోందా? పదకొండు వారాలు కట్టేసిన గుర్రానికి ఇక్కడ మెత్తగా, పెరుగు తోడుకున్నట్టుండాలి. పొట్ట కిందికి జారాలి. వీపు మీద కండ కరిగి వెన్నెముక తేలాలి. వీడి పొట్ట చూడు, సైన్యంలో చేరడానికి వచ్చినవాడిలా ఎలా లోపలికి పెట్టుకున్నాడో. నేను నీకేం చెప్పాను?"

"గడ్డి వెయ్యి, నీళ్ళు పెట్టు, అన్నావు."

"ఇంకా?"

"ఈ ఏడు పందెం మాట మర్చిపో, అన్నావు."

"ఇంకా?"

"రాల్చోని గుమ్మం తొక్కనివ్వకు, అన్నావు. స్ట్రెచర్ మీద పడుకుని మరీ చెప్పావు. నర్సు రాల్చో ఎవరని అడిగితే ఎవరో తెలీదన్నావు. నీ ముఖంలాంటి ముఖమే గేటవతల నిలబడుంది, పాపం ఆ పిల్ల దాన్నీ నిన్నూ మార్చి మార్చి చూసింది."

"గేటు దగ్గరికొచ్చాడా వాడు?"

"వచ్చాడో లేదో. నాకు గుర్తులేదు. గుర్రం బాగుంటే తిడతావేంటి? లావెక్కితే కదా తిట్టాలి?"

"బాగుంది కాబట్టే భయం. శనివారం గుర్రాల పండగ. రాల్చో చేతిలో తయారైన గుర్రం మీద నేను పందెంలో దిగితే, గెలిచినా వాడే గెలిచినట్టు. చచ్చేదాకా ఆ మాట పడాలి."

"నువ్వు దిగడమేంటి? డాక్టరు మే నెల దాకా జీనెక్కొద్దన్నాడు కదా?"

"మే నెలలో గుర్రాల పండగ ఉందా?"

"లేదు. కానీ తుంటి ఉంటుంది."

"దోర్చోకి పదిహేడేళ్ళు కెరానా. వచ్చే ఏడు వీడు పరిగెత్తడు. పరిగెత్తినా నేను పరిగెత్తించను. ఇదే ఆఖరు. ఆ తొట్టిలో కూర్చున్నన్నాళ్ళూ నాకు ఇంకో ఆలోచన లేదు. వీడు సాలలో నిలబడి నిలబడి అరిగిపోతున్నాడని, ఆఖరి పందెం ఇలా పోయిందని, ముసలాళ్ళ మధ్య నీళ్ళలో ఏడ్చాను. నీళ్ళు కాబట్టి ఎవరికీ తెలీలేదు."

"నాకు తెలుసు. అంబులెన్స్ తలుపేస్తున్నప్పుడు నువ్వు నా వంక చూళ్ళేదు. సాల వంకే చూశావు. ఆ చూపు చూశాక గడ్డీ నీళ్ళూ పెట్టి ఊరుకోవడం ఎవరి తరం?"

"అంటే?"

"అంటే ఏం లేదు. తిను."

"ఊరుకోవడం ఎవరి తరం అంటే ఏంటి? ఎవరు ఊరుకోలేదు?"

"రాల్చో కాదు. ఒట్టు. ఆయన ఈ సాలలో అడుగు పెట్టలేదు."

"మరెవరు? వీడు నన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. పశువుల డాక్టర్ని నీళ్ళ తొట్టిలోకి నెట్టాడు."

"నన్నూ నెట్టాడు. రెండుసార్లు. రెండోసారి నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి కాబట్టి తడవలేదు."

"నిన్నెందుకు నెట్టాడు?"

"తాడు కట్టబోతే నెట్టాడు."

"తాడెందుకు కట్టబోయావ్?"

"తిప్పడానికి. అలా చూడకు. ముప్పై నాలుగేళ్ళు ఈ ఊరి బళ్ళో డ్రిల్లు టీచర్ని. ఇప్పుడు గుర్రాల పిర్రలూ పొట్టలూ చూసి నాకు పాఠాలు చెప్పే మగాళ్ళందరి చేతా గోడెక్కించి దూకించిందాన్ని. ఒక గుర్రాన్ని చలికాలం తిప్పలేనా?"

"నువ్వు? వీణ్ణి? ఎలా రానిచ్చాడు?"

"నీ గొర్రెతోలు కోటు వేసుకున్నా."

"నా కోటా?"

"నీ కోటే. టోపీ కూడా. ఆ కోటు నీ కంపు కొడుతుంది, చెప్తే ఏమనుకోకు. పొగాకు, చెమట, రకియా సారా, ముప్పై ఏళ్ళది. వేసుకుని లోపలికొచ్చానో లేదో దోర్చో మెడ వంచి నా చంకలో తల పెట్టేశాడు. నాకే ఏడుపొచ్చింది. నువ్వనుకున్నాడు పాపం."

"అంటే దెల్కా చూసింది..."

"నన్నే."

"ఫాదరు దీవించింది..."

"నన్నే. నీకు అప్పగిస్తున్నాలే, ఆ దీవెన నువ్వే ఉంచుకో."

"నువ్వేమన్నా నా అంత ఉన్నావా? నీ ఎత్తెంత, నా ఎత్తెంత?"

"కొండ మీద పొగమంచులో ఎత్తులెవడు కొలుస్తాడు? నీ కోటు, నీ టోపీ, నీ చేతికర్ర, నీ గుర్రం. ఇంట్లో పైపులు గడ్డకట్టకుండా రోజూ పొయ్యి వెలిగించేదాన్ని, చిమ్నీలోంచి పొగ. ఊరు ఇంకేమనుకుంటుంది? వెల్కో చెప్పాపెట్టకుండా వచ్చేశాడు, అనుకుంది. మంచులో ఎవరైనా కుంటుతారు కాబట్టి నడక కూడా సరిపోయింది."

"పలకరిస్తే?"

"చెయ్యెత్తేదాన్ని. నువ్వెత్తుతావే, మొహం ఇటు తిప్పకుండా, ఈగని తోలినట్టు, అలా. ఎవరికీ అనుమానం రాలేదు. నువ్వు మర్యాదగా మాట్లాడే మనిషివైతే మొదటిరోజే దొరికిపోయేదాన్ని."

"హూఁ. ఎలా తిప్పావో చెప్పు. మొదటి వారం నుంచి చెప్పు. ఏం చెడగొట్టావో చూడాలి."

"మొదటి వారం తాడు పట్టుకుని నడకే. ఇరవై నిమిషాలు, చదును నేల మీద, మంచు తీసేసిన దారిలో. ఇంకేమీ లేదు. రెండోవారం అరగంట. మూడోవారం నుంచి చిన్న గుడి దాకా కొండ. చీలమండ లోతు మంచులో మెల్లగా ఎక్కడం."

"మెల్లగానేనా?"

"మెల్లగానే. వీడు ఉరకాలని చూస్తే ఆపేదాన్ని. ఎక్కేటప్పుడు పిర్ర పనిచేస్తుంది, దిగేటప్పుడు వీపు పనిచేస్తుంది. అది గుర్రానికైనా ఎనిమిదో తరగతి పిల్లలకైనా ఒకటే."

"ఓట్స్?"

"సగం కోసేశాను."

"సగమా?"

"పరుగు లేనప్పుడు నిండు గిన్నె ఓట్స్ పెడితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? తలకెక్కి గోడ తంతాడు. గడ్డి మాత్రం ఎంత తింటే అంత. నాలుగు రోజులు నా వంక చూళ్ళేదు, అలిగాడు. తర్వాత దారికొచ్చాడు. నీళ్ళు గోరువెచ్చగా పెట్టేదాన్ని. చల్లగా ఉంటే సరిగా తాగడు, తాగకపోతే కడుపు పట్టేస్తుంది."

"గిట్టల్లో మంచు ఉండకట్టలేదా? వీడికి ముందుకాళ్ళలో బాగా కడుతుంది, ఎత్తు చెప్పులేసుకున్నట్టు ఊగుతాడు."

"పంది కొవ్వు రాశాను."

"ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ. నా పెళ్ళైన కొత్తలో. రాసినా ఒక్కోసారి కడుతుంది, అప్పుడు వంగి చువ్వతో గీకడమే. నా నడుం పోయింది."

"పెరట్లో పడున్న ఈ చిక్కుడు కర్రలేంటి?"

"అవా? ఆరు కర్రలు నేల మీద వీడి అంగకొకటి చొప్పున పరిచి, వీణ్ణి వాటి మీదుగా నడిపించా. కాలెత్తి వెయ్యాలి కదా, మోకాలు వంగాలి, పొట్ట బిగబట్టాలి. మొదటిరోజు అన్నీ విరిచాడు. నాలుగోరోజుకి పెళ్ళికూతురిలా నడిచాడు."

"పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పావా?"

"అయిదోవారం నుంచి. నేను మధ్యలో, వాడు చుట్టూ. పది నిమిషాలు దాటనివ్వలేదు, కీళ్ళకి మంచిది కాదు. ఇటెంతో అటంతే."

"ఎడమవైపు కొంచెం ఎక్కువైంది. వీడి మెడ చూస్తే తెలుస్తోంది."

"ఎడమవైపు వీడికి ఇష్టం. నీలాగే మొండి."

"ఊపిరి చూశావా?"

"కొండెక్కాక డొక్క మీద చెయ్యేసి చూసేదాన్ని. మొదట్లో ఊపిరి కుదురుకోడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఇప్పుడు నాలుగు. చెమట పడితే గడ్డితో తుడిచి, ఆరేదాకా నడిపించి అప్పుడు లోపల కట్టేదాన్ని. ఆదివారం సెలవు, వాడికీ నాకూ. ఇంకేం చెడగొట్టానో చెప్పు."

"నన్ను ఆలోచించుకోనీ."

"ఆలోచించుకో."

"ఏమీ చెడగొట్టలేదు కెరానా. నేనున్నా ఇంత బాగా చేసేవాణ్ణి కాదు. నేనైతే రెండోవారమే జీనెక్కేవాణ్ణి."

"ఆ మాట ఇంకోసారి అను, గోడ మీద రాసిపెట్టుకుంటా."

"అననులే. అవునూ, రోజూ నువ్వు ఇంట్లో లేకపోతే నీ మొగుడు అడగలేదా?"

"పాటల మేళంలో చేరానని చెప్పా. రోజూ సాధన ఉందన్నా. ఓ వారం పోయాక అడిగాడు, పాట పాడితే ఒంటికి గుర్రం వాసన ఎందుకొస్తుందని. పక్కన నిలబడి పాడేవాళ్ళకి గుర్రాలున్నాయన్నా. నమ్మాడు."

"వాడంతే. చిన్నప్పట్నుంచీ ఏం చెప్పినా నమ్ముతాడు."

"నమ్మడం తప్పా?"

"తప్పని అన్నానా? సరే, ఎవరూ దగ్గరికి రాలేదు కదా? మొహం చూసినవాళ్ళెవరూ లేరు కదా?"

"లేరు. మొహం ఎవరూ చూళ్ళేదు."

"మొహం చూళ్ళేదంటే? దగ్గరికొచ్చారా?"

"పళ్ళెంలో ఆ హల్వా రుచి చూశావా? తెల్లది. వాల్‌నట్లు ఎక్కువ వేయించి తెప్పించా."

"దగ్గరికెవరొచ్చారు?"

"ఎవరొస్తారు? లేదు బావగారూ, అక్కడంతా మంచు కదా, ఎవరూ రారు."

"ఏమన్నావ్?"

"మంచు అన్నా."

"దానికి ముందు."

"లేదు అన్నా."

"లేదుకీ మంచుకీ మధ్యలో ఏదో అన్నావు."

"ఏమో. నోరు జారింది."

"నీ నోరా? తొమ్మిదేళ్ళు బతిమాలాను, తిట్టాను, కోపం వచ్చి నీ చేతి కాఫీ మానేశాను. ఒక్కసారి బావగారూ అనలేదు. ఇవాళ జారిందా?"

"ఇంట్లో వినీ వినీ అలవాటైపోయింది. మూడువారాలుగా అదే గోల."

"ఏం గోల?"

"మా అన్న, మా అన్న, అని."

"ఎవరన్న?"

"ఎంతమంది అన్నలున్నారాయనకి? 'మా అన్న గుర్రాన్ని భలే తిప్పుతున్నాడు చూశావా' అంటాడు. 'మా అన్నకి హల్వా తెల్లదే ఇష్టం' అంటాడు. పొద్దున్నే బల్ల మీద కొత్త గుడ్డ పరిచాడు. కుర్చీకి కాలూగుతోందని మేకు కొట్టాడు. 'ఈసారి ఆదివారానికి మా అన్నే మనింటికొస్తాడు' అంటున్నాడు."

"రాల్చో? నన్ను అన్న అంటున్నాడా?"

"ఆ."

"తనే పెద్దని ఊరంతా చాటించినవాడు? తొమ్మిదేళ్ళ కిందట, అమ్మ పోయిన ఏడు, ఇదే పండగ రోజున, నేను వాడి కోసం బల్ల సర్దుక్కూర్చుంటే, వాడు అక్కడ నా కోసం బల్ల సర్దుక్కూర్చున్నవాడు?"

"ఆ రోజు నేనూ కూర్చున్నాగా. అర్ధరాత్రి దాకా ఉడకబెట్టిన గుడ్లకేసి చూస్తూ కూర్చున్నాం. అత్తగారున్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు, ఇద్దరూ వెళ్ళి ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకుని క్షమించమనేవాళ్ళు. ఆవిడ పోయాక చిన్నవాడు పెద్దవాడి గడపకెళ్ళాలి కదా. మీరేమో ఇద్దరూ పెద్దవాళ్ళే. ఏటా రెండు బల్లలు, రెండు బానిత్సాలు, మధ్యలో నేను పళ్ళెం పట్టుకుని తిరగడం."

"మరి ఇప్పుడు ఉన్నట్టుండి ఎందుకు మారాడు? జబ్బేమైనా చేసిందా?"

"జబ్బు కాదు. నువ్వు క్షమించావుగా."

"నేనా? ఎప్పుడు?"

"మూడువారాల కిందట. గురువారం. కొండ మీద గుడి కంచె దగ్గర."

"గురువారం నేను తొట్టిలో... కెరానా. కోటా?"

"కోటే."

"కూర్చో. ఆ గడ్డిమోపు మీద కూర్చుని మొత్తం చెప్పు."

"నిలబడే చెప్తా, కూర్చుంటే ఏడుస్తా. పొగమంచు బాగా ఉంది. దోర్చో ముందుకాలు ఎత్తిపట్టుకుని, వంగి, గిట్టలోంచి మంచు గీకుతున్నా. వెనక అడుగులు వినపడ్డాయి. అడవి గార్డు అనుకున్నా. నీలాగే చెయ్యెత్తబోయా. అప్పుడు 'అన్నా' అని వినపడింది."

"వాడి గొంతు గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టా కాబట్టే గిట్ట పట్టుకుని అలా బిగుసుకుపోయా. దోర్చో కూడా కదల్లేదు, వాడికేం అర్థమైందో. అన్నా, క్షమాపణల ఆదివారం దాకా ఆగలేనురా, అన్నాడు. నిన్ను అంబులెన్స్ ఎక్కించినప్పుడు గేటు వెనక నిలబడ్డాను, రెండడుగులు వేసుంటే నీ చెయ్యి అందేది, వెయ్యలేదు, అన్నాడు. ఆ రోజు నుంచి నిద్ర లేదన్నాడు."

"నిద్ర లేదా?"

"నిజమే. నాకు తెలుసు, పక్కనే ఉన్నాగా. ఇంకా ఏమన్నాడంటే, 'నువ్వు పోతే నేనెవరికి అన్నని? నువ్వే పెద్ద. నన్ను క్షమించు' అన్నాడు. నేనేం చెయ్యను చెప్పు? వెనక్కి తిరిగితే అక్కడే కుప్పకూలేవాడు. పెళ్ళాం వీపుకి అన్నా అని చెప్పుకున్నానని తెలిస్తే మళ్ళీ ఈ జన్మలో ఇల్లు కదలడు. మాట్లాడితే గొంతు తెలిసిపోతుంది. అందుకని చెయ్యెత్తా. నీలాగే. ఈగని తోలినట్టు."

"దాన్ని క్షమాపణ అనుకున్నాడా?"

"నీ దగ్గర్నుంచి అంతకన్నా ఎక్కువ ఎవరాశిస్తారు? కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాడు. పోతూ పోతూ, నీ తుంటి బాగోలేకపోతే గుర్రాల పండగనాడు దోర్చో మీద నేనెక్కుతాను, నువ్వు ఊఁ అంటే చాలు, అన్నాడు. నేను ఇంటికొచ్చేసరికి రెండు పళ్ళేల బీన్స్ తిని, పిల్లి మీద పాట కట్టి పాడుతున్నాడు."

"మూడువారాలుగా వాడు సంతోషంగా ఉన్నాడు. నాకు తెలీకుండా."

"తప్పు చేశాను. ఆ క్షమాపణ ఇవ్వాల్సింది నువ్వు, ఇచ్చింది నేను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఇవాళ బానిత్సా ఇవ్వడానికి రాలేదు, ఇది అడగడానికొచ్చా. ఆయన కొండ మీదే నీ దగ్గరికొచ్చి అడిగేశాడు కదా, ఇంక నువ్వే వస్తావని చూస్తున్నాడు, సాయంత్రం మా ఇంటికి రా. కంచె దగ్గర ఉన్నది నువ్వే అన్నట్టు వచ్చి కూర్చో. ఏం మాట్లాడక్కర్లేదు, నువ్వు మాట్లాడవని ఆయనకి తెలుసు. 'అక్కడున్నది నేను కాదు, నేనెప్పుడు క్షమించాను' అని నువ్వన్నావో, ఆయన ఇంక లేవడు. నేను చెప్తున్నా కదా, లేవడు."

"ఇంకోసారి చెప్పు. ఏమన్నాడన్నావ్?"

"నువ్వే పెద్ద, అన్నాడు."

"అది కాదు. దానికి ముందుది."

"నువ్వు పోతే నేనెవరికి అన్నని, అన్నాడు."

"వాడు అన్నాడా ఆ మాట? నోటితో?"

"నోటితోనే. ముక్కు చీదుకుంటూ."

"కర్ర అందుకో. కాదు, అది కాదు, నాది. కోటెక్కడుంది?"

"నీ వెనకే, మేకుకి. ఎందుకు?"

"శనివారానికి వాడికివ్వాలి. కోటు లేకపోతే దోర్చో వాణ్ణి కూడా తొట్టిలోకి తోస్తాడు. నా భుజాలే వాడివీ, సరిపోతుంది."

"ఆయన్ని ఎక్కనిస్తావా?"

"నా తుంటి ఎక్కనివ్వదు కదా. వాడూ చిన్నప్పట్నుంచీ గుర్రమెక్కినవాడే, రోజూ మేకల వెనక తిరుగుతాడు, కాళ్ళు గట్టివి. మొదటి మలుపు దాకా పగ్గం లాగొద్దని చెప్పాలి. వీణ్ణి మొదట్లో లాగితే ఆఖర్న కసి తీర్చుకుంటాడు."

"నువ్వే చెప్పు ఆయనకి. పక్కన కూర్చుని చెప్పు. గెలిచినా ఓడినా ఈ ఊళ్ళో ఇంక ఒక బల్ల చాలు."

"చాలు. రెండో బానిత్సా కూడా పట్టుకో, చల్లారినా ఫర్లేదు. ఏడుస్తున్నావేంటి?"

"ఏడవడం లేదు. పదండి బావగారూ, చీకటి పడకుండా దిగాలి, దారి జారుతోంది. నా భుజం పట్టుకోండి. ఇంక ఎప్పుడూ మరిదీ అననులెండి. ఊరందరి ముందూ బావగారూ అనే పిలుస్తా, సరేనా?"

"పిలవకు."

"అదేంటి? తొమ్మిదేళ్ళుగా మీరడిగింది అదే కదా?"

"పిలవకు వదినా. పోయేముందు అమ్మ నా ఒక్కడి చెవిలోనే చెప్పింది, వాడు నాకంటే పావుగంట పెద్ద."